చూపు పోయిన నాన్నగారికి ఏఐ కళ్లద్దాలు కొనాలా? రోజూ కర్రతో తిరిగేవాడి జవాబు

గ్లకోమాతో నాన్నగారి చూపు పూర్తిగా పోయింది, వీడియోల్లో చూపిస్తున్న ఏఐ కళ్లద్దాలు కొనిస్తే ఒంటరిగా బయటికి వెళ్లగలరా అని అడిగారు. ఆ కళ్లద్దాల భరోసాతో మాత్రం వెళ్లలేరండి. తెల్ల కర్రతో నడవడం నేర్చుకుంటే వెళ్లగలరు. మిగతా పరికరాలన్నీ ఆ తర్వాతే.

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి వెనక ఉండే రెటీనా పొర క్రమంగా దెబ్బతినే జబ్బు. ముప్పైల్లో చూపు పోయింది. హైదరాబాద్ నల్లకుంటలో ఉంటాను, నారాయణగూడలో మెట్రో ఎక్కి ఆఫీసుకి ఒక్కడినే వెళ్లొస్తాను. స్టేషన్ లోపల కాలికీ కర్రకీ దారి తెలిసే గుబ్బల టైల్స్ ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. కష్టమంతా ఇంటి నుంచి స్టేషన్ దాకానే.

మా సందులో రోజూ ఒక డీసీఎం వ్యాను ఆగి ఉంటుంది. మామూలు కర్ర దాని కిందికి దూరిపోతుంది, దారి ఖాళీగానే ఉందనిపిస్తుంది. ఇంకో అడుగు వేస్తే వెనక తలుపు అంచు నుదుటికి కొడుతుంది. వేలాడే కేబుల్ వైర్లు, వంగిన ఫ్లెక్సీలు, కొమ్మలు, అన్నిటిదీ ఇదే కథ. కర్రకి నేల తెలుస్తుంది గానీ నడుము పైన ఏముందో తెలియదు. ఐఐటీ ఢిల్లీ వాళ్లు తయారు చేసి 2014లో తెచ్చిన స్మార్ట్‌కేన్ సరిగ్గా దీనికోసమే. కర్ర పిడికి తగిలించే చిన్న పరికరం అది. అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి, మోకాలి నుంచి తల ఎత్తు దాకా అడ్డున్నవాటిని పట్టుకుంటుంది. బయట వాడే మోడ్‌లో సుమారు 3 మీటర్లు, లోపల వాడే మోడ్‌లో 1.8 మీటర్లు దాని పరిధి. దగ్గరయ్యేకొద్దీ పిడిలో వైబ్రేషన్ తీరు మారుతుంది. శబ్దం చేయదు, అందుకే నాకు నచ్చింది. మనకి చెవులే ఆధారం కదా, వాటిని ఇయర్‌ఫోన్లతో మూసేసే ఏ పరికరం మీదా నాకు మంచి అభిప్రాయం లేదు.

అలాగని దానికి అన్నీ తెలుస్తాయనుకోకండి. సుల్తాన్ బజార్ జనంలో అది ఆగకుండా వణుకుతూనే ఉంటుంది, నేనైతే ఆఫ్ చేసేస్తాను. మూత లేని మ్యాన్‌హోల్‌ని అది పట్టుకోదు, దాని చూపు ముందుకీ పైకీ గానీ గుంటలోకి కాదు. గుంట సంగతి కర్ర కొసే చెప్పాలి. వానాకాలం నీళ్లు నిలిచిన రోడ్డు మీద కర్ర కూడా చెప్పలేదు, ఆ రోజు ఎవరి చెయ్యో పట్టుకోవాల్సిందే.

ఇక కళ్లద్దాలు. కెమెరా ఫొటో తీస్తుంది, ఇంటర్నెట్‌కి పంపుతుంది, వర్ణన చదివి వినిపిస్తుంది. దీనికి కొన్ని సెకన్లు పడుతుంది. ‘ఎదురుగా ఒక ఆటో ఉంది’ అని అది చెప్పేలోపు ఆ ఆటో దాటిపోయి ఉంటుంది. రోడ్డు దాటడానికి దాన్ని నమ్ముకోవద్దు. చదవడానికి మాత్రం బ్రహ్మాండం. కరెంటు బిల్లు, పెళ్లి కార్డు, లిఫ్ట్ పక్కన అంటించిన నోటీసు, అన్నీ చదివిపెడుతుంది. ఈ పనులే ఫోన్‌లో సీయింగ్ ఏఐ, బీ మై ఐస్ అనే యాప్‌లు ఉచితంగా చేస్తాయి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో సంచీ ఉన్నప్పుడు ఫోన్ తీసే బాధ తప్పుతుంది, కళ్లద్దాల అసలు లాభం అదే.

మందుల స్ట్రిప్ విషయంలో జాగ్రత్త. ఫాయిల్ మీద వెలుతురు పడితే గడువు తేదీని తప్పు చదువుతుంది. కాస్త వంచి పట్టుకుంటే నయం, అయినా మాత్రల దగ్గర యాప్ మాట ఒక్కటే నమ్మను, ఇంట్లోవాళ్లని చూడమంటాను. కరెన్సీ నోటు ఎంతదో చెప్పడానికి రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ ఆటో దిగేటప్పుడు అంత తీరిక ఎక్కడుంటుంది? ఇంట్లోనే గుర్తుపట్టి ఒక్కో నోటుని ఒక్కోలా మడిచి పెట్టుకుంటాను.

కంటిలో చిప్ పెడితే చూపొస్తుందట కదా అని కూడా అడిగారు. ఆర్గస్ 2 అనే రెటీనా ఇంప్లాంట్, అంటే రెటీనా మీద అమర్చే చిప్, ఉండేది. అందులో ఉన్నవి 60 ఎలక్ట్రోడ్లు, కనిపించేవి వెలుగు మెరుపులు, అంచులు. పైగా అది రెటినైటిస్ పిగ్మెంటోసా వాళ్లకి. గ్లకోమాలో దెబ్బతినేది కంటి నరం, కాబట్టి మీ నాన్నగారికి పనికొచ్చేది కాదు. 2019లో కంపెనీ దాన్ని ఆపేసింది, పెట్టించుకున్నవాళ్లు సపోర్ట్ లేక ఇబ్బంది పడ్డారు. కళ్లద్దాలు కొనేముందు కూడా సర్వీస్ సంగతి అడగమనేది అందుకే.

ముందు బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో రిహాబిలిటేషన్ విభాగానికి తీసుకెళ్లండి. కర్ర వాడకం, ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్, ఈ రెండూ నాన్నగారికి చేతికి రానివ్వండి. ఆ తర్వాత కూడా కళ్లద్దాలు కావాలంటే, షోరూమ్‌లో కాదు, సాయంత్రం మీ వీధిలో పెట్టి చూపించమనండి. ఒప్పుకోకపోతే కొనకండి.