బోదెలో లేవా, కాలువలోనే లేవా?

ప్రశ్న: మా ఊరి తీర్థంలో పౌరాణిక నాటకాన్ని దుబాయ్, మస్కట్‌లలో ఉన్న మావాళ్ల కోసం ఫోనుతో లైవ్ పెట్టాను. చూసింది నూట ఎనభై మంది. నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుండగా బొమ్మ బిగుసుకుపోయింది. రెండు చోట్లా అదే రాగం దగ్గర ఆగిందట. మా బావ మాత్రం ‘ఎలాన్ మస్క్ లైవే ఆగింది, నీదెంత’ అంటున్నాడు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, రాజోలు మండలం

జవాబు: మీ బావగారిది మంచి మనసు. కానీ రోగం వేరు.

మా నాన్నగారు కాలువల మీద లస్కరుగా పనిచేశారు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, శివారు రైతు నీళ్లు రాలేదని వస్తే ఆయన ముందు అడిగేది ఒక్కటే: ‘మీ బోదెలో లేవా, కాలువలోనే లేవా?’ బోదె అంటే కాలువ నుంచి పొలానికి నీళ్లు తెచ్చే పిల్లకాలువ. లైవ్‌కూ అదే ప్రశ్న వేయాలి. మీ ఫోను నుంచి సర్వరుకు వెళ్లే దారి ఒకటి, అక్కడి నుంచి చూసేవారికి పంచే దారి ఇంకొకటి. దుబాయ్‌లోనూ మస్కట్‌లోనూ ఒకే రాగం దగ్గర ఆగిందంటే పంపకంలో లోపం కాదు. పైనుంచే నీళ్లు రాలేదు.

మస్క్ కథ దీనికి తిరగబడింది. 2023 మే 24న ఫ్లోరిడా గవర్నరు డిశాంటిస్ అమెరికా అధ్యక్ష పోటీ ప్రకటన మస్క్ చేతిలో ఉన్న ట్విటర్‌లో, మాటలు మాత్రమే వినిపించే లైవ్‌లో పెట్టారు. ఆరు లక్షల మందికి పైగా ఒక్కసారి వచ్చిపడ్డారు. ఇరవై నిమిషాలకు పైగా తడబాటే. జనం ఎక్కువై సర్వర్లు కరిగిపోతున్నాయనీ, అది మంచి సూచనేననీ నిర్వహించిన డేవిడ్ శాక్స్ అన్నారు. గండి పడినప్పుడు నీళ్లు పుష్కలంగా ఉన్నాయని మురిసినట్టుంది! చివరికి శాక్స్ ఖాతా నుంచి మళ్లీ మొదలుపెట్టారు. 2024 ఆగస్టు 12న అక్కడే ట్రంప్‌తో మస్క్ సంభాషణ కూడా నలభై నిమిషాలు ఆలస్యమైంది. అది సైబర్ దాడి అన్నారు మస్క్.

అలాగని పెద్ద జనమంటే ఆగిపోవాలని లేదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడాన్ని ఇస్రో యూట్యూబ్ ఛానల్లో ఒకే సమయంలో ఎనభై లక్షల మంది చూశారు. దృశ్యాన్ని చిన్న ముక్కలు చేసి, నకళ్లను చూసేవారికి దగ్గరి సర్వర్లలో ఉంచుతారు. అందరూ ధవళేశ్వరం దాకా బిందె పట్టుకుని వెళ్లనక్కరలేదు.

ఇక మీ సంగతి. తీర్థంలో వేల ఫోన్లు ఒకే టవరు మీద పడతాయి. పైకి పంపే దారి మామూలు రోజుల్లోనే ఇరుకు. ఈసారి వేదిక పక్క ఇంటి నుంచి ఫైబర్ తీగ లాగండి. రౌటరుకూ యూపీఎస్ పెట్టండి, కరెంటు అడిగి పోదు. దృశ్యం నాణ్యత 480కి దించండి, పద్యం వినబడితే చాలు కదా. ఆ ఫోనుకు కాల్స్ రాకుండా చూడండి. పరీక్ష మధ్యాహ్నం ఖాళీ పందిట్లో కాదు, జనం నిండాక చేయండి. వేరే ఫోనులో మొత్తం రికార్డు చేయించండి.

పోయిన ఆ పద్యం కోసం ఊళ్లో అడిగి చూశారా? ముందు వరసలో కనీసం పదిమందైనా ఫోన్లు ఎత్తి పట్టుకునే ఉంటారు.