నలభైకి దగ్గరపడ్డాక యుకులేలే మొదలుపెట్టొచ్చా?

కొత్త ఉద్యోగంలో చేరేలోపు అనుకోకుండా రెండు నెలలు ఖాళీ దొరికింది, అనంతపురంలో నేర్పేవాళ్లు కనబడలేదు, సంగీతం రాదు, చిన్న గిటార్ లాంటి యుకులేలే కొనొచ్చా అని అడిగారు. నిస్సందేహంగా కొనండి. గిటార్ అయితే వేళ్ల నొప్పి తగ్గేసరికే చాలా రోజులు పోతాయి. దీనికున్నవి నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి.

చిన్న సైజు సోప్రానో 21 అంగుళాలుంటుంది, పెద్దవాళ్ల వేళ్లకు దాని మెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, ఫ్రెట్‌లు) ఇరుకు. 23 అంగుళాల కాన్సర్ట్ తీసుకోండి. పెద్ద సైజు బారిటోన్ జోలికి పోకండి, దాని శృతే వేరు. 'సాలిడ్ వుడ్' అని ఎక్కువ డబ్బులూ పోయకండి. మన ఎండాకాలపు పొడిగాలికి సాలిడ్ చెక్క కుంచించుకుపోతుంది. ముందు మెట్ల చివర్లు పక్కకు పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి, ఆ తర్వాత పైపలక చీలుతుంది. పొరలు అతికించి చేసే లామినేటెడ్ రకం దీన్ని బాగా తట్టుకుంటుంది. అదైనా సరే, ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే జిగురు మెత్తబడి, తీగలు కట్టే బ్రిడ్జ్ లేచిపోతుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రిటర్న్ గడువు దాటకముందే శృతి చూపే ట్యూనర్ పెట్టి పరీక్షించండి. ప్రతి తీగనూ ఊరికే మీటండి, తర్వాత 12వ మెట్టు దగ్గర నొక్కి మీటండి. రెండుసార్లూ ట్యూనర్‌లో అదే అక్షరం (స్వరం పేరు) రావాలి, ముల్లు మధ్యలోనే ఉండాలి. అలాగే 1వ మెట్టు దగ్గర నొక్కి చూడండి. అక్కడ స్వరం బాగా పైకి పోతుంటే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడులు లోతు చాలలేదని అర్థం. అలాంటిదాని మీద ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే కలిపి మీటే స్వరాల గుంపు) ఎప్పుడూ అపస్వరమే పలుకుతుంది, మీరేమో తప్పు మీ వేళ్లదనుకుంటారు. వెనక్కి పంపేయండి.

శృతి పైనుంచి కిందికి జి, సి, ఇ, ఎ. పైనున్న జి నాలుగో తీగ, కిందనున్న ఎ ఒకటో తీగ. జి తీగ సి కన్నా హెచ్చు స్థాయిలో పలకాలి, చాలామంది తడబడేది ఇక్కడే. రెండో తీగను 3వ మెట్టు దగ్గర నొక్కితే వచ్చే స్వరమే నాలుగో తీగ ఊరికే మీటినా రావాలి. కొత్త తీగలు మొదటి వారం పది రోజులు సాగుతూనే ఉంటాయి, పూటకోసారి దిగిపోతే కంగారు పడకండి. శృతి ఎక్కువైతే బాగా దించి, మళ్లీ కిందనుంచి పైకి తేవాలి. ఫోన్ యాప్ కంటే యుకులేలే తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ మేలు. అది చెక్క అదురును పట్టుకుంటుంది కాబట్టి కూలర్ మోత అడ్డురాదు. స్టీలు తీగలు మాత్రం ఎవరు చెప్పినా వేయకండి, ఆ లాగుడుకు బ్రిడ్జ్ ఊడొస్తుంది.

కార్డ్‌లు నాలుగు చాలు: సి, ఎ మైనర్, ఎఫ్, జి7. ఇదే వరసలో తిప్పండి, ఎందుకంటే వేళ్లు ఒకదానికొకటి దారి ఇస్తాయి. సి అంటే ఒకటో తీగ 3వ మెట్టు మీద ఉంగరం వేలు. ఎ మైనర్‌కు నాలుగో తీగ 2వ మెట్టు మీద మధ్యవేలు. దాన్ని కదపకుండా రెండో తీగ 1వ మెట్టు మీద చూపుడు వేలు పెడితే ఎఫ్. ఇప్పుడు ఆ చూపుడు వేలు అక్కడే ఉంచి, మధ్యవేలు మూడో తీగ 2వ మెట్టుకు దించి, ఉంగరం వేలు ఒకటో తీగ 2వ మెట్టు మీద పెడితే జి7. ఆ ఉంగరం వేలే ఒక మెట్టు ముందుకు జరిపి మిగతావి ఎత్తేస్తే మళ్లీ సి. ఆసరా వేలు లేని మార్పు సి నుంచి ఎ మైనర్‌కు ఒక్కటే.

తాళం వేసే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి కార్డ్‌కు నాలుగు దెబ్బలు. ఎడమ చేయి ఆలస్యమైనా కుడి చేయి ఆగకూడదు, ఇది మాత్రం పట్టుబట్టండి. ఆగి, సర్దుకుని, మళ్లీ మొదలెట్టడం అలవాటైతే పాటలో కూడా అక్కడే ఆగుతారు. అందకపోతే 50కి తగ్గించండి. చూపుడు వేలి గోటితో, యుకులేలే మెడ దాని ఒంటిని కలిసేచోట మీటండి. తీగ జీరగా మోగితే బలం పెంచొద్దు, వేలిని మెట్టుకు ఆనుకునేంత దగ్గరగా జరపండి. గంటసేపు ఒకే బిగిన కాకుండా పావుగంట చొప్పున పూటకు రెండుసార్లు చాలు. స్నానం చేసిన వెంటనే వద్దు, మెత్తబడ్డ చర్మం తొందరగా నొప్పెడుతుంది.

వీడియోల్లో అంతగా చెప్పనిది ఒకటుంది. సి తీగను షడ్జమం అనుకుంటే ఊరికే ఉన్న నాలుగు తీగలూ ప, స, గ, ద. నాలుగూ మోహన రాగంలోవే! ఆరోహణ ఇలా: స మూడో తీగ ఊరికే, రి దాని 2వ మెట్టు, గ రెండో తీగ ఊరికే, ప దాని 3వ మెట్టు, ద ఒకటో తీగ ఊరికే, పై స దాని 3వ మెట్టు. కార్డ్‌లతో విసుగొచ్చినప్పుడు ఇది వాయించండి, చెవి కుదురుతుంది. కర్ణాటక సంగీతం లెక్కలో ఇది ఒకటి శృతి. పాడడానికి తక్కువైతే కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) 2వ మెట్టు మీద బిగించి, దాన్నే మొదలనుకుని అవే వేళ్లు వేయండి, రెండు శృతి అవుతుంది. 4వ మెట్టు మీదైతే మూడు.