పేరు ముక్కతో రెండు ఫైళ్లు కలపబోతున్నారా? పెంచలయ్యలతో జాగ్రత్త

ఒక ఫైల్లో పేర్లు, ఇంకో ఫైల్లో పొడుగాటి లైన్లు. మొదటి దాంట్లో పేరు రెండో దాంట్లో ఎక్కడ తగిలినా ఆ లైను బయటికి రావాలి, ఎలా అని అడిగారు. కమాండు తేలికే. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ అనే కమాండుకి పెద్ద ఎఫ్ (మాటను ఉన్నదున్నట్టే వెతకమని), చిన్న ఎఫ్ (ఆ మాటల్ని ఫైల్లోంచి తీసుకోమని) రెండూ ఇచ్చి, పేర్ల ఫైలు ముందు, వెతకాల్సిన ఫైలు తర్వాత రాయండి. పేర్లు వేలల్లో ఉన్నా భయం లేదు. అన్ని మాటల్నీ ఒకే చుట్టులో వెతికే పద్ధతిని ఆహో, కొరాసిక్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే ప్రచురించారు. కానీ నెల్లూరు జిల్లా పేర్లతో మాత్రం ఆ పని చెయ్యొద్దు, గట్టిగా చెబుతున్నా.

పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు ఉండదు. పొదలకూరులో ఒక నిమ్మకాయల మండీ గుమాస్తా రెండు ఫైళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు: రైతుల పట్టీ, బ్యాంకు స్టేట్‌మెంటు. ఎవరికి డబ్బు వెళ్లిందో, ఎవరికి బాకీ ఉందో తేలాలి. అంతకుముందే ఎవరో పేర్లతో కలిపి ఇచ్చారట. పట్టీలో ఒకాయన పేరు ఉత్త ‘పెంచల’ అని ఉంది. ఆ ముక్క పెంచలయ్యకీ, పెంచలమ్మకీ, పెంచలరెడ్డికీ తగిలింది. ‘అన్నా, డబ్బు రాలేదని ఆ పెద్దాయన మండీ ముందర కూర్చోనుండాడు, కాగితంలో చూస్తే ఇచ్చేసినట్టుండాది’ అన్నాడు గుమాస్తా. ఎండలో కాయ కోసి బస్తాలకెత్తిన మనిషికి ఆ కాగితం చూపించి పంపేస్తే ఎంత అన్యాయం!

దీనికితోడు ఇంగ్లీషు స్పెల్లింగులు. అయ్య అన్నదాన్ని ఒకరు ‘ఐఏహెచ్’తో ముగిస్తే ఇంకొకరు ‘వైవైఏ’తో ముగిస్తారు. స్టేట్‌మెంట్లో చోటు చాలక పేరు మధ్యలోనే తెగిపోతుంది.

నేను పేర్లను వదిలేశాను. స్టేట్‌మెంటు వివరంలో రైతు ఖాతా చివరి నాలుగు అంకెలున్నాయి. వాటినీ లైను మొత్తంలో వెతక్కూడదు. ఐఎంపీఎస్ (ఖాతా నుంచి ఖాతాకి వెంటనే డబ్బు పంపే పద్ధతి) లైన్లలో పన్నెండంకెల రిఫరెన్సు నంబరుంటుంది, ఆ నాలుగూ అందులో ఎక్కడైనా తగలొచ్చు. అందుకే లైన్లను గడులుగా విడగొట్టే ఆక్ అనే కమాండుతో ఆ అంకెలున్న గడి ఒక్కదాన్నే విడదీసి, నాలుగంకెలూ, డబ్బు మొత్తమూ రెండూ సరిపోతేనే కలిపాను. మిగిలిన లైన్లు కొన్నే. గుమాస్తా పక్కన కూర్చుని కళ్లతో చూశాడు. పెద్దాయన బాకీ బయటపడింది.

మీ పేర్లు తెలుగు లిపిలో ఉంటే ఇంకో తంటా. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మాటల్ని వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో, మాట ఇక్కడితో ముగియాలని చెప్పే హద్దు గుర్తు పెట్టినా ‘రమణ’ అని వెతికితే రమణారెడ్డి వచ్చేస్తాడు. పైథాన్ లెక్కలో దీర్ఘం అక్షరం కాదు, మాట అక్కడితో అయిపోయిందనుకుంటుంది. మన గుణింతాలకు ఇప్పటికీ ఇదా మర్యాద? ఇక ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైలైతే ముందు యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే పద్ధతిలోకి) మార్చుకోండి, లేకపోతే ఏ కమాండుకీ ఒక్క అక్షరం దొరకదు. డీటీపీ సెంటర్లు ఇంకా ఆ అను ఫాంట్లనే పట్టుకు వేలాడటం నాకు మహా చిరాకు.

కమాండు నడిపే ముందు రెండు చూడండి. పేర్ల ఫైల్లో ఒక్క ఖాళీ లైనున్నా గ్రెప్ ప్రతి లైనునూ తెచ్చి పోస్తుంది. ఆ ఫైలు విండోస్‌లో చేసిందైతే లైను చివర కనపడని గుర్తు ఒకటుంటుంది. దాన్ని తీసేయకపోతే పేరు కళ్లెదుట ఉన్నా దొరకదు.

రెండు ఫైళ్ల నుంచీ కొన్ని లైన్లు, పేర్లూ నంబర్లూ మార్చి, ఇక్కడ పెట్టండి. ఏ గడితో కలపాలో చూసి చెబుతాను.