మొహం చూసి ఓటేస్తారా? అయోవా కాకస్‌లో నేను చేసిన పొరపాటు

మీరు అడిగింది: "అమెరికా ప్రైమరీల్లో జనం అభ్యర్థుల ప్లాన్లు చూసి ఓటేస్తారా, లేక మొహమూ మాట తీరూ చూసి వేస్తారా? మా అక్కావాళ్లు న్యూ హ్యాంప్‌షైర్‌లో ఉంటారు. ఈమధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది, మొదటిసారి ఓటేయబోతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి."

మాది ఖమ్మం. చాలా ఏళ్లుగా అయోవాలో, డిమోయిన్ పక్కన ఉంటున్నాం. నేను 2018లో సిటిజన్‌ని అయ్యాను. 2020 ఫిబ్రవరి 3న డెమొక్రాట్ల కాకస్‌కి వెళ్లాను. కాకస్ అంటే ప్రైమరీ లాంటిదే, కాకపోతే బూత్‌లో ఓటేసే బదులు అందరూ ఒకచోట చేరి తేల్చుకునే సమావేశం. ఆ రాత్రి గురించి ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు, మీ ప్రశ్న చూశాక రాయాలనిపించింది.

మొహం, గొంతు, మాట తీరు చాలా పనిచేస్తాయండీ. అయితే అవి పనిచేసే దారి మనం అనుకునేది కాదు. "ఈయన బాగున్నాడు, ఈయనకే వేస్తా" అనేవాళ్లు తక్కువే. "నాకు ఈవిడ నచ్చింది, కానీ నలుగురికీ నచ్చదేమో" అని వెనక్కి తగ్గేవాళ్లనే నేను ఎక్కువ చూశాను. నేనూ అలాగే తగ్గాను.

ముందు ప్రైమరీ అంటే ఏమిటో మన భాషలో చెప్తాను. మన దగ్గర పార్టీ టికెట్ హైకమాండ్ ఇస్తుంది. ఇక్కడ ఆ టికెట్ ఎవరికివ్వాలో జనమే ఓటేసి తేలుస్తారు. అంటే పోటీలో ఉన్నవాళ్లంతా ఒకే పార్టీ. ఊళ్లో మా నాన్నమ్మ ఓటేసేటప్పుడు గుర్తు చూసేది, అభ్యర్థి పేరు కూడా ఆమెకి అక్కర్లేదు. ప్రైమరీలో ఆ గుర్తు సాయం ఉండదు. పైగా అందరూ ఇంచుమించు ఒకే మాట చెప్తారు. పెళ్లిచూపులు గుర్తు తెచ్చుకోండి. కులం, చదువు, ఉద్యోగం, జాతకం అన్నీ కలిశాకే కదా ఆ ఇంటికి వెళ్లేది. ఇక తేల్చుకోవాల్సింది అబ్బాయి ఎలా కూర్చున్నాడు, ఎలా మాట్లాడాడు, టీ కప్పు ఇచ్చిన అమ్మాయి వైపు ఎలా చూశాడు అన్నదే. ప్రైమరీ ఓటరు పరిస్థితి కూడా అంతే. మిగతావన్నీ ఒకటే అయినప్పుడు కంటికి కనిపించేదే పెద్దదవుతుంది.

ఇప్పుడు నా సంగతి. అప్పట్లో మా పాప డేకేర్‌లో ఉండేది. నెలనెలా ఆ బిల్లు కట్టడం మాకు ఇంటి అద్దె రెండోసారి కట్టినట్టుండేది. అప్పుడు డెమొక్రాట్ల టికెట్‌కి పోటీలో ఉన్న సెనేటర్ ఎలిజబెత్ వారెన్ పెట్టిన చైల్డ్‌కేర్ ప్లాన్ ప్రకారం ఏ కుటుంబమూ తన ఆదాయంలో 7 శాతానికి మించి డేకేర్‌కి కట్టక్కర్లేదు. అది ప్రింట్ తీసుకుని, ఆఫీసులో లంచ్ టైమ్‌లో మొత్తం చదివాను. నేను పూర్తిగా చదివిన మొదటి ఎన్నికల ప్లాన్ అదే.

2019 వేసవిలో మా దగ్గర్లో ఆవిడ మీటింగ్ జరిగితే పాపని తీసుకుని వెళ్లాను. మీటింగ్ అయ్యాక ఫోటోల కోసం పెద్ద క్యూ. ఆడపిల్లలు కనిపిస్తే ఆవిడ ఒంగి, చిటికెన వేలు చాపి, పిల్లల చిటికెన వేలితో ముడేసి, "నేను ప్రెసిడెంట్‌గా పోటీ చేస్తున్నా, ఎందుకంటే అమ్మాయిలు చేసే పని అదే" అని ఒట్టు వేయించుకునేది. దాన్నే ఇక్కడ పింకీ ప్రామిస్ అంటారు. మా పాపతోనూ అలాగే చేసింది. అంతసేపు నిలబడ్డ మనిషి గొంతులో ఎక్కడా విసుగు లేదు. పాపకి అప్పుడు నాలుగేళ్లు. కారులో ఇంటిదాకా ఆ వేలు మడవకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

మరి కాకస్ రాత్రి నేను ఎవరి వైపు నిలబడ్డానో తెలుసా? ఆవిడకి పోటీగా ఉన్న పీట్ బూటిజెజ్ వైపు.

ఆయన తప్పు ఏమీ లేదు, ఆయన మీద నాకు గౌరవమే. 38 ఏళ్ల మనిషి, సౌత్ బెండ్ అనే ఊరికి మేయర్‌గా చేశాడు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, ఎవరెంత గుచ్చి అడిగినా గొంతు పెంచకుండా సమాధానం చెప్పేవాడు. చూస్తే మన బంధువుల్లో బాగా చదువుకున్న అబ్బాయిలా అనిపించేవాడు. కానీ నేను అటు వెళ్లింది ఆయన మీద ఇష్టంతో కాదు. జనవరి అంతా మా ఆఫీసులో, గుడి దగ్గర, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ డిన్నర్లలో ఒకే మాట విన్నాను. "ఆవిడ మంచిదే, కానీ టీచర్‌లా క్లాస్ పీకుతుంది. ఆ గొంతు విని మగవాళ్లు ఓటెయ్యరు. ట్రంప్ మీద ఓడిపోతాం." నాకు ఆ గొంతు ఎప్పుడూ అలా అనిపించలేదు. పైగా ఆవిడ నిజంగానే టీచరు, ఆ తర్వాత లా ప్రొఫెసరు. అయినా వినగా వినగా టెన్షన్ పట్టుకుంది. నాకు అనిపించకపోతేనేం, మిగతావాళ్లకి అనిపిస్తుందేమో కదా అనుకున్నాను.

ఆ రోజుల్లో అయోవా డెమొక్రాట్ల కాకస్‌లో రహస్య ఓటు లేదు. సాయంత్రం 7 గంటలకి స్కూల్ జిమ్‌లో అందరూ చేరి, తమ అభ్యర్థి పోస్టర్ అంటించిన మూలకి వెళ్లి నిలబడాలి. తలలు లెక్కపెడతారు. 15 శాతం రాని గుంపు చెదిరిపోయి వేరే గుంపులో కలవచ్చు, లేదా వేరేవాళ్లని తమ వైపు లాక్కోవచ్చు. 15 శాతం దాటిన గుంపులోవాళ్లు మాత్రం ఇక కదలడానికి వీల్లేదు. ఆ రాత్రి మేం 187 మందిమి, కాబట్టి గుంపు నిలవాలంటే కనీసం 29 మంది కావాలి. మా బూటిజెజ్ గుంపు మొదటి లెక్కలోనే దాటేసింది. వారెన్ మూలలో 26 మందే తేలారు. ముగ్గురు తక్కువ.

వాళ్లకీ నాకూ మధ్య ఒక బాస్కెట్‌బాల్ స్తంభం, అంతే దూరం. నేను వెళ్లడానికి లేదు. వాళ్ల తరఫున ఉన్న అమ్మాయి, కాలేజీ పిల్లలా ఉంది, గొంతు బొంగురుపోయేదాకా "ముగ్గురు చాలు, ముగ్గురే" అని పిలుస్తోంది. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ, రిటైరైన నర్సు, మెల్లగా అంది: "నాకు అందరికంటే ఆవిడే ఇష్టం. కానీ ఈ దేశం ఆడమనిషిని గెలిపించదు కదా." నేను ఆమె వైపు తిరిగి నాదీ అదే పరిస్థితి అని చెప్పాను. మా వెనకాల ఉన్న ఇంకో ఆవిడ విని, "మీరూనా?" అంది. ముగ్గురం. సరిగ్గా ముగ్గురం.

చివరికి ఎమీ క్లోబుషార్ అనే ఇంకో అభ్యర్థి గుంపు నిలవక, అందులోంచి కొందరు వచ్చి కలవడంతో వారెన్ గుంపు నిలబడింది. ఆ అమ్మాయి ఏడ్చేసింది. నాకూ ఊపిరి వచ్చింది, కానీ ఇంటికెళ్లాక పాప "పింకీ ప్రామిస్ ఆంటీకి వేశావా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

ఇది నా ఒక్కదాని బలహీనతే అనుకున్నాను చాలాకాలం. తర్వాత తెలిసింది, 2019 జూన్‌లోనే ఇప్సాస్ సంస్థ సర్వే చేసిందట. డెమొక్రాట్లు, ఏ పార్టీకీ చెందనివాళ్లలో 74 శాతం మంది తమకు మహిళా ప్రెసిడెంట్ ఉంటే ఇబ్బంది లేదన్నారు. మీ ఇరుగుపొరుగుకీ ఇబ్బంది ఉండదా అంటే 33 శాతమే ఉండదన్నారు. మా జిమ్‌లో నేను చూసింది ఈ లెక్కనే. మొహం, గొంతు మీద వచ్చే అభిప్రాయాల్లో సగం మనవి కావు. పక్కవాళ్లవి అని మనం ఊహించుకున్నవి.

అసలు మొహం పనిచేయదని అనడం లేదు. 2005లో ప్రిన్స్‌టన్‌లో అలెగ్జాండర్ టొడొరోవ్ బృందం, సెనేట్‌కి పోటీ చేసినవాళ్ల ఫోటోలు జనానికి చూపించి, ఇద్దరిలో ఎవరు సమర్థుల్లా కనిపిస్తున్నారని అడిగింది. సుమారు 70 శాతం పోటీల్లో, వాళ్లు చెప్పినవాళ్లే గెలిచారు. స్విట్జర్లాండ్‌లో ఇంకో అధ్యయనంలో చిన్నపిల్లలకి ఫ్రెంచ్ అభ్యర్థుల ఫోటోలు చూపించి, మీ పడవకి కెప్టెన్‌గా ఎవరు కావాలని అడిగితే వాళ్లూ ఎక్కువసార్లు గెలిచినవాళ్లనే చూపించారు. గుర్తులూ పార్టీలూ తెలిసిన ఎన్నికల్లోనే ఇలా ఉంటే, అందరూ ఒకే పార్టీ అయిన ప్రైమరీ సంగతి ఊహించుకోండి.

అయితే ఒకే పని ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా తగులుతుంది. మీ అక్కావాళ్లుండే న్యూ హ్యాంప్‌షైర్‌లోనే రెండు ఉదాహరణలున్నాయి. 1972లో డెమొక్రాట్ల టికెట్‌కి పోటీలో ఉన్న సెనేటర్ ఎడ్మండ్ మస్కీ మాంచెస్టర్‌లో ఒక పత్రికాఫీసు ముందు మంచులో నిలబడి, తన భార్య మీద రాసిన రాతలకి జవాబిస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడని వార్తలొచ్చాయి. అవి కన్నీళ్లు కావు, కరిగిన మంచు అని ఆయన చెప్పుకున్నాడు. ఆ ప్రైమరీ గెలిచాడు కూడా, కానీ అనుకున్నంత తేడా రాలేదు, తర్వాత నిలదొక్కుకోలేకపోయాడు. 2008లో హిల్లరీ క్లింటన్ పోర్ట్స్‌మత్‌లో ఒక కాఫీ షాపులో మాట్లాడుతూ కళ్లు చెమర్చింది. మర్నాడే ఒబామా మీద ప్రైమరీ గెలిచింది. మగవాడి కన్నీళ్లు బలహీనత, ఎప్పుడూ గట్టిగా కనిపించే ఆడమనిషి కన్నీళ్లు మనసున్నదనడానికి గుర్తు. జనం చూసింది కళ్లతో కాదు, ముందే మనసులో ఉన్న కొలతతో.

మా అయోవా ఉదాహరణ డెమొక్రాట్ అభ్యర్థి హోవర్డ్ డీన్. 2004లో కాకస్ రాత్రి వేదిక మీద ఒక్క కేక పెట్టాడు, టీవీల్లో అది రోజుల తరబడి తిప్పారు. ఆ కేకే ఆయన్ని ముంచిందని ఇప్పటికీ అంటారు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ కేకకి ముందే ఆ రాత్రి మూడో స్థానంలోకి పడిపోయాడు. పైగా చేతిలో ఉన్న మైకు హాల్లో జనం గోలని పట్టలేదు. ఆ హాల్లో ఉన్నవాళ్లకి ఆయన అరుపు జనంలో కలిసిపోయింది, టీవీ ముందున్నవాళ్లకి పిచ్చి అరుపులా వినిపించింది.

మనవాళ్ల విషయం కూడా చెప్పాలి. 2024 కాకస్ కోసం, రిపబ్లికన్ల టికెట్‌కి పోటీ చేసిన వివేక్ రామస్వామి అయోవాలోని 99 కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) తిరిగాడు. మా తెలుగు స్నేహితుడు ఒకరు ఆయన కోసం ఇళ్ల తలుపులు తట్టారు. "తెలివైన కుర్రాడు, కానీ ఎదుటివాళ్లని మాట్లాడనివ్వడు" అన్న మాట చాలా ఇళ్లలో విన్నారట. మతం గురించి అడిగినవాళ్లూ ఉన్నారు. డిమోయిన్‌లో టీవీ కార్యక్రమంలో ఇదే ప్రశ్న వస్తే, తాను హిందువునని, ఓట్ల కోసం దాన్ని దాచుకోనని ఆయన సూటిగా చెప్పాడు. ఆయన విధానాలు చాలావాటితో నాకు పడదు, కానీ ఆ జవాబు నాకు నచ్చింది. చివరికి 8 శాతం దగ్గర ఆగి, నాలుగో స్థానంలో నిలిచి, ఆ రాత్రే తప్పుకున్నాడు. అదే పోటీలో రాన్ డిశాంటిస్ బూట్ల ఎత్తు మీద, నిక్కీ హేలీ హీల్స్ మీద ఎన్ని వారాలు చర్చ జరిగిందో! వాళ్ల ప్లాన్ల మీద అంత చర్చ నేను వినలేదు. దానికి నాకు ఇప్పటికీ బాధే.

మీ అక్కావాళ్లకి నేను చెప్పేది ఒకటే. న్యూ హ్యాంప్‌షైర్‌లో అభ్యర్థులు ఇళ్లకీ, డైనర్లనే చిన్న హోటళ్లకీ వచ్చి మాట్లాడతారు, ఆ అదృష్టం చాలా రాష్ట్రాలకి లేదు. కనీసం ఇద్దరు ముగ్గురిని స్వయంగా వెళ్లి వినమనండి. తమ ఇంటికి అవసరమైన ఒక్క విషయం, డేకేరో, ఇన్సూరెన్సో, ఎంచుకుని, దాని మీద ఎవరేం రాశారో చదవమనండి. ఈ రెండూ అయ్యాకే వాట్సాప్ గ్రూపులో అభిప్రాయాలు అడగమనండి, ముందు కాదు. నేను అన్నీ చేసి, చివర్లో నలుగురి మాట వినే చెడాను. వాళ్లకి అక్కడ రహస్య బ్యాలెట్ ఉంటుంది, పక్కన ఎవరూ తల లెక్కపెట్టరు. ఏ పార్టీలోనూ చేరకుండా రిజిస్టర్ చేసుకుంటే, ఆ రోజు రెండు పార్టీల్లో ఏదో ఒకదాని బ్యాలెట్ తీసుకోవచ్చు. మొదటిసారి రిజిస్ట్రేషన్ కాబట్టి పాస్‌పోర్టు గానీ నాచురలైజేషన్ సర్టిఫికెట్ గానీ తప్పకుండా వెంట తీసుకెళ్లమనండి, ఇప్పుడు అక్కడ అది అడుగుతున్నారు.