ఫోటోకు కూర్చునే ముందు

చి. పాపకు మామ ఆశీస్సులు.

బెంగళూరు కంపెనీ వాళ్ళు మంచి ప్రొఫైల్ ఫోటో పంపమన్నారని, ఆదివారం స్టూడియోకు పోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కర్నూల్లో మీ బావ దగ్గర ఉన్నాను గానీ, లేకుంటే నేనే తీసేవాణ్ణి. పళ్ళు కనపడకుండా ఎట్లా నవ్వాలో రోజూ అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తున్నావంట కదా. ముందు ఆ సంగతే చెప్తాను.

మన అనంతపురం బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎనిమిదేళ్ళ లోపు, చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే ఎనామెల్‌లోనే, అంటే పంటి గట్టి పైపొరలోనే, గోధుమరంగు మరకలు పడిపోతాయి. ఎంత తోమినా పోవు. అది పైన అంటుకున్న పాచి కాదు, నీ తప్పు అంతకన్నా కాదు. సుభాష్ రోడ్డులో స్టూడియో నడిపినన్నాళ్ళూ నా కెమెరా ముందు పెదాలు బిగించుకుని కూర్చున్న పిల్లల్ని శానామందిని చూసినాను. పెదాలు బిగిస్తే గడ్డం మీద చర్మం గుంటలు గుంటలుగా ముడుచుకుంటుంది, మెడ నరాలు లేస్తాయి, చూపు బెదిరిపోతుంది. మరకలైతే దాగుతాయి గానీ, చూసినవాళ్ళు ఈ పిల్లకు ఎవరి మీదో కోపమొచ్చింది అనుకుంటారు.

నవ్వు ముందు కళ్ళ దగ్గర తెలియాల పాపా. కింది రెప్ప కాస్త పైకి లేచిందంటే, పెదాలు మూసే ఉన్నా ముఖం నవ్వుతున్నట్టే ఉంటుంది. అద్దం ముందు నేర్చుకుంటే అది రాదు. మీ చెల్లెల్ని తోడు తీసుకుపో. కెమెరా పక్కనే నిలబడి నీతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమను. మాటల్లో పడి నువ్వు పళ్ళు కనపడేటట్టు నవ్వేస్తే ఆపుకోవద్దు, ఆ ఫోటోలు కూడా తీయనీ. ఎడిటింగ్‌లో మరకల్ని కొంచెం తగ్గిస్తే తప్పులేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా మాత్రం చేయనీయొద్దు. చర్మాన్ని కూడా నున్నగా తుడిచేస్తామంటారు, వద్దని ముందే చెప్పు. మొదటి రోజు ఆఫీసులో అడుగుపెట్టినప్పుడు ఫోటోలో ఉన్న పిల్ల ఈ పిల్లే అని అందరూ గుర్తుపట్టాల.

ధర్మవరం పట్టుచీర కట్టుకోమని మీ అమ్మ అంటుంది. పెళ్ళికైతే సరే. స్టూడియో లైట్లకు జరీ మెరిసి చూపంతా అంచు మీదికే పోతుంది. ముదురు నీలమో, బాటిల్ గ్రీనో, ప్లెయిన్ కాటన్ కుర్తా వేసుకో. సన్న గీతలు, చిన్న గళ్ళు వద్దు, డిజిటల్ కెమెరాలో వాటి మీద లేని అలలు కనపడతాయి. కుర్తాను ఇంటి దగ్గరే వేసుకుని ఆటోలో నలిపేయకుండా హ్యాంగర్‌కు తగిలించి తీసుకుపోయి అక్కడ మార్చుకో. ఛాతీ పైభాగమే కదా ఫోటోలో పడేది, మెడ దగ్గరా భుజాల మీదా ఇస్త్రీ బాగా చూసుకో.

తలకు నూనె పెట్టుకుని పోవద్దు, పాపిట అంతా తళతళమంటుంది. తలస్నానం ముందురోజే చేయి, జుట్టు అణిగి ఉంటుంది. ఐబ్రోస్, ఫేషియల్ ఉంటే నాలుగైదు రోజుల ముందే కానియ్యి. టాల్కం పౌడరు, సన్‌స్క్రీన్ ఫ్లాష్ పడితే ముఖానికి తెల్లపూత పూసినట్టు చూపిస్తాయి, ఆ పూటకు మానేయి. మన ఎండలకు చెమట ఎట్లాగూ పడుతుంది. పావుగంట ముందే పోయి ఫ్యాను కింద కూర్చో, టిష్యూతో అద్దుకో, రుద్దొద్దు.

కళ్ళజోడు రోజూ పెట్టుకునేదానివి, ఫోటోలోనూ ఉండనీ. అద్దాల్లో లైటు మెరిస్తే చెవుల దగ్గర కాడల్ని రవ్వంత పైకి లేపు. అద్దాలు కిందికి వంగి మెరుపు పోతుంది.

ఫోటోగ్రాఫర్ 85 ఎంఎం లెన్స్, అంటే కాస్త దూరం నుంచి ముఖాలు తీసే లెన్స్, పెడితే నిశ్చింతగా కూర్చో. తక్కువ ఎంఎం లెన్స్‌తో ముఖం దగ్గరికి వచ్చి తీస్తే మాత్రం ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. "అన్నా, ఐదారడుగుల దూరం నుంచి తీయండి" అని అడుగు, మొహమాటపడొద్దు. ఒక భుజం కాస్త ముందుకు తిప్పి కూర్చో. గడ్డం కొంచెం ముందుకు చాపి ఒక్క రవ్వ కిందికి దించు. చేసేటప్పుడు ఇబ్బందిగా ఉంటుంది గానీ ఫోటోలో దవడ గీత స్పష్టంగా వస్తుంది.

లింక్డ్‌ఇన్‌లో ఫోటో గుండ్రంగా కట్ అవుతుంది. తల పైనా పక్కలా ఖాళీ వదలమను. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో తీసుకో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమను.

పెదాలు మూసినవి రెండు, నవ్వినవి రెండు ఏరి నాకు పంపు. ఏది పెట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం. ఆదివారం మధ్యాహ్నమైతే స్టూడియోలో రద్దీ ఉంటుంది, వాళ్ళు తొందరపెడతారు. రేపే ఫోన్ చేసి పొద్దున తెరవగానే మొదటి టైము నీకు ఉంచమని చెప్పు.

మీ మామ