దంతెల కింద వేడి నీటి సీపీవీసీ పైపు: క్లాంపు ఎంత బిగువుగా ఉండాలి?

విశాఖ వన్‌టౌన్‌లోని మీ పాత మిద్దె ఇంట్లో, మేడ మీది సోలార్ హీటరు నుంచి స్నానాల గదికి టేకు దంతెల (కప్పును మోసే అడ్డ దూలాల) అడుగు భాగాన ముప్పాతిక అంగుళం సీపీవీసీ (వేడి నీటికి వాడే గట్టి ప్లాస్టిక్) పైపు తీసుకువెళ్లాలని అనుకుంటున్నారు. ఇనుప క్లాంపులు పెట్టి మేకులతో గట్టిగా బిగిస్తే చాలని ప్లంబరు చెబుతున్నారని, అది సరైన పద్ధతేనా అని అడిగారు. ఆ పద్ధతికి దయచేసి ఒప్పుకోవద్దు. క్లాంపు పైపు బరువును మోయాలి గాని, పైపు తన పొడవు వెంట ముందుకూ వెనక్కూ జరగడానికి అడ్డుపడకూడదు.

మా పెదవాల్తేరు ఇల్లు కూడా దంతెల మిద్దే. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తరువాత పైపుల పని మొత్తం తిరిగి చేయించినప్పుడు నేను దగ్గరే ఉన్నాను. విప్పిన పాత క్లాంపులలో ఇనుపవి తుప్పు పట్టి రేకులు రేకులుగా ఊడిపోయాయి. పైపును బిగించి పట్టిన చోట్ల దాని మీద గాట్లు పడ్డాయి, వాటిలో ఒకటి మోచేతి అతుకు (మలుపు దగ్గరి ఎల్బో) పక్కనే సన్నని పగులుగా మారింది.

ఇందుకు కారణం వేడికి ప్లాస్టిక్ సాగడమే. సీపీవీసీ పైపు ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు సుమారు 0.06 నుంచి 0.07 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న ఆరు మీటర్ల పైపులోకి 65 డిగ్రీల నీరు వచ్చిందంటే అది దాదాపు 15 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, నీరు చల్లారగానే మళ్లీ కుదించుకుంటుంది. ప్రతిరోజూ జరిగే ఈ రాకపోకలకు చోటు లేకపోతే ఆ ఒత్తిడి అంతా మలుపుల దగ్గరి అతుకుల మీద పడుతుంది, లేదా పైపు క్లాంపుల మధ్య పాములా వంకర తిరుగుతుంది. వేడి నీరు విప్పినప్పుడు చెక్క దగ్గర టక్కు టక్కుమనే శబ్దం వినిపిస్తే, పైపు ఎక్కడో పట్టుబడి ఉందని గుర్తించండి.

కాబట్టి పైపు బయటి కొలతకు సరిపోయే, లోపల నునుపుగా ఉండే ప్లాస్టిక్ క్లాంపులు తీసుకుని, బిగించిన తరువాత పైపును చేత్తో లాగితే సులభంగా జరుగుతోందో లేదో ఒక్కొక్క చోటా చూడండి. ఈ సైజు పైపుకు మూడు అడుగులకు ఒక ఆధారం ఉండాలి. మా ఇంట్లో దంతెలు అడుగున్నర ఎడంలో ఉన్నందున దంతె విడిచి దంతెకు క్లాంపు వేస్తే సరిపోయింది. పొడవు మధ్యలో ఒక్క చోట మాత్రం, రెండు పైపు ముక్కలను కలిపే కప్లింగుకు రెండు వైపులా ఆనించి రెండు క్లాంపులు పెట్టి స్థిరంగా ఉంచితే పెరుగుదల రెండు కొసలకూ సమంగా పంచుకుంటుంది. మలుపుకు కనీసం ఒక అడుగు దూరం వరకు క్లాంపు వద్దు, ఆ మలుపు గోడకు ఒరుసుకోకుండా కూడా చూడండి. వాల్వు ఉంటే దాని బరువుకు విడిగా ఆధారం ఇవ్వాలి.

మేకుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండి గట్టిపడిన పాత టేకులో మేకు దిగేటప్పుడు చెక్క నెర్రె విచ్చుతుంది, సుత్తి దెబ్బలకు పైనున్న సున్నపు గచ్చు కూడా అదిరి రాలుతుంది. ముందు సన్నని బెజ్జం వేసి ఒకటిన్నర అంగుళం స్క్రూ బిగించడం మేలు. మన ఊరి ఉప్పు గాలికి స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం బాగా తట్టుకుంటుంది. అది దొరకకపోతే 304 రకం గాని ఇత్తడి స్క్రూలు గాని వాడవచ్చు.

పైపు కనిపించకుండా ఉండాలని దంతెల అడుగున గాడి కొట్టించే ఆలోచన ఉంటే మానుకోండి. బరువు మోస్తున్న దంతెలో సాగుడు ఒత్తిడి అంతా అడుగు అంచు మీదే ఉంటుంది, నడిమి భాగంలో అది మరీ ఎక్కువ. తప్పనిసరైతే దంతె ఎత్తుకు సరిగ్గా మధ్యలో, ఆ ఎత్తులో మూడో వంతుకు మించని రంధ్రం చేయించండి. పై అంచుకూ కింది అంచుకూ రెండేసి అంగుళాల చెక్క మిగలాలి, రంధ్రం పైపు కన్నా కాస్త వదులుగా ఉండాలి.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది. మెత్తని పీవీసీలో కలిపే నూనెలు సీపీవీసీని బలహీనపరిచి పగుళ్లు తెప్పిస్తాయి. కనుక ఆ మెత్తని పీవీసీతో చేసిన ఎలక్ట్రీషియన్ల టేపు చుట్టడం, అలాంటి తొడుగే ఉన్న కరెంటు వైరుతో పైపును కట్టడం రెండూ వద్దు. దంతెలకు చెదల మందు గాని వుడ్ ఆయిల్ గాని పూయించాలంటే పైపు వేయకముందే పూయించి, పూర్తిగా ఆరనివ్వండి. కిరోసిన్ కలిపిన మందును పైపు మీద చల్లనివ్వకండి.

దంతెల కింద పలకలు కొట్టించే ముందు లైనును ఒత్తిడితో పరీక్షించి, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం వేడి నీటిని కొంతసేపు వదిలి, ప్రతి క్లాంపు దగ్గరా పైపు జరుగుతోందా, శబ్దం వస్తోందా అని మీరే చూసుకోండి.