రాని గ్రాట్యుటీని నమ్ముకుని తెచ్చిన అప్పు

హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ ప్రభుత్వ హెడ్మాస్టర్ రాసిన ఉత్తరంలో సగం కోపం, సగం లెక్కలు. 2024 జూన్ నెలాఖరున రిటైరయ్యారు. పెన్షన్ నెలకు 62 వేలు. జీపీఎఫ్ (జీతంలోంచి దాచుకున్న సొమ్ము) చేతికందింది కానీ గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకునేది), లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (మిగిలిన సెలవులకు పైసలు) ఇంకా రాలేదు. "ట్రెజరీలో టోకెన్ నంబరు పడింది, పైసలే పడలేదు" అంటారు. డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) బకాయిలదీ అదే కథ. పైగా కొత్త పన్ను విధానంలో సీనియర్ సిటిజన్లకున్న మినహాయింపులన్నీ ఎత్తేశారని, ముసలివాళ్లంటే ప్రభుత్వాలకు ఇంత చులకనా అని అడిగారు. అసలు విషయం చివరి రెండు లైన్లలో ఉంది. ఇంటి పై అంతస్తు కోసం తెలిసినాయన దగ్గర 8 లక్షలు, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారట. ఇప్పుడు భార్య బంగారం కుదువ పెట్టి అది తీర్చాలా, పాత పన్ను విధానంలోనే ఉండాలా అన్నది ప్రశ్న.

సార్, ముందు న్యాయం సంగతి. బకాయిల విషయంలో మీ కోపం నూటికి నూరుపాళ్లు సబబే. 2021లో తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచినప్పుడే, మూడేళ్లు ఆగిన రిటైర్మెంట్ల బిల్లులు 2024 మార్చి నుంచి వరుసగా వస్తాయని అందరికీ తెలుసు. ఎవరు ఏ నెలలో దిగిపోతారో సర్వీసు రిజిస్టర్‌లోనే ఉంటుంది. ఇది ఊహించని ఖర్చేమీ కాదు. ముప్ఫై ఏళ్లు పనిచేసినవాళ్లు తమ పైసల కోసం హైకోర్టు మెట్లెక్కాల్సి రావడం ఎవరికీ గౌరవం కాదు.

పన్ను దగ్గర మాత్రం మీరు పొరబడ్డారు. కొత్త విధానంలో 80 ఏళ్లాయనకూ 30 ఏళ్లాయనకూ ఒకే స్లాబు, వడ్డీ మీద 50 వేల మినహాయింపు లేదు, ఆరోగ్య బీమా ప్రీమియం చూపించుకోవడానికి లేదు. నిజమే, నాకూ అది నచ్చలేదు. కానీ మీ లెక్క మీరు వేసి చూశారా? 2025-26కి పెన్షన్ 7,44,000, ఎఫ్‌డీల వడ్డీ దాదాపు 1,60,000, కలిపి 9,04,000. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీస్తే 8,29,000. పన్నెండు లక్షల లోపే కాబట్టి రిబేటు పోను పన్ను సున్నా. అదే పాత విధానంలో పన్ను మినహాయింపు కోసం లక్షన్నర డిపాజిట్‌లో ఐదేళ్లు కట్టిపడేసి, వడ్డీ మినహాయింపు, బీమా మినహాయింపు అన్నీ పూర్తిగా వాడుకున్నా సుమారు 32 వేలు కట్టాలి. నాకు పన్ను పడదని రాసిచ్చే ఫారం (2025-26 దాకా దాని పేరు 15హెచ్) బ్యాంకులో ఏప్రిల్‌లోనే ఇస్తే, వడ్డీలో ముందే పన్ను కోసుకునే టీడీఎస్ గొడవ కూడా ఉండదు. పన్ను గురించి ఇంతకంటే ఆలోచించకండి.

ఇక మీరు రెండు లైన్లలో దాటేసిన విషయం. ఉత్తరంతో పాటు మీ డైరీ పేజీ ఫొటో పంపారు. ప్రతి నెలా 5వ తారీఖున ఒకే మాట: "మిత్తి 16,000". పదిహేను సార్లు ఉంది. కింద ఎర్ర పెన్నుతో "గ్రాట్యుటీ రాగానే క్లియర్" అని రాసి, తేదీ కోసం కొంచెం జాగా వదిలారు. ఆ జాగా ఇంకా ఖాళీగానే ఉంది.

పదిహేను పదహార్లు 2,40,000. కట్టక్కర్లేని పన్ను 32 వేల కోసం పేజీన్నర రాశారు, పోయిన రెండు లక్షల నలభై వేల గురించి ఒక్క ముక్క లేదు. అదీ బ్యాంకులో 22 లక్షల ఎఫ్‌డీలు పెట్టుకుని! అక్కడ ఏడు శాతం చిల్లర వస్తుంటే, ఇక్కడ ఇరవై నాలుగు శాతం ఇస్తున్నారు. ఎఫ్‌డీ ముట్టుకుంటే లక్ష్మి పోతుందన్నట్టు ఉంటారు చాలామంది. మీ బ్యాచ్‌లో రిటైరైనవాళ్ల ఉత్తరాలు నాకు వరుసగా వస్తున్నాయి. ఒకరు బిడ్డ పెళ్లికి తెచ్చారు, ఒకరు చిట్టి ఎత్తి ప్లాటు కొన్నారు. అందరిదీ ఒకటే ధైర్యం, "మన పైసలే కదా, ఎప్పుడైనా వస్తాయి" అని. వస్తాయి, కానీ మిత్తి మాత్రం ఆ ఎప్పుడైనా దాకా ఆగదు.

బంగారం జోలికి పోకండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు ఎందుకు? మీ మూడు సర్టిఫికెట్లలో 8 లక్షలది విరగ్గొట్టండి. వడ్డీలో ఏడాదికి ఒక శాతం పెనాల్టీ పడిందనుకున్నా, ఏడాదికి అది మీరు కట్టే సగం నెల మిత్తి అంత.

తర్వాత 4 లక్షల సర్టిఫికెట్‌ను అత్యవసర నిధి అని పేరు పెట్టి పక్కన ఉంచండి. ఇంటి ఖర్చు 40 వేలన్నారు కాబట్టి ఏడాదికి కనీసం 4,80,000 ఉండాలి. ఆగిన మిత్తి 16 వేలు నెలనెలా ఒక ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేస్తే ఐదు నెలల్లో ఆ కొరత తీరుతుంది. కొడుకు అడిగినా, పై అంతస్తు టైల్స్‌కైనా దాన్ని తీయకూడదు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా మేనమామ కూడా టీచరే. ఆయనకు ఛాతీ నొప్పి వచ్చిన రాత్రి ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో ప్రభుత్వం ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే హెల్త్ కార్డు చూసి పక్కకు జరిపి, ముందు లక్షన్నర కట్టమన్నారు. రీయింబర్స్‌మెంట్ బిల్లు పెట్టాం, ఏడు నెలలకు వచ్చింది. ఆ రాత్రి డబ్బు మా అత్త బీరువాలోంచి వచ్చింది, కార్డులోంచి కాదు. మీకు షుగర్ ఉందన్నారు కాబట్టి హెల్త్ కార్డును నమ్ముకుని కూర్చోకుండా, ఇద్దరికీ సొంత పాలసీ తీసుకోండి. షుగర్ సంగతి దాచకుండా రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ లేదు కాబట్టి, ప్రీమియం ఎక్కువని ఇప్పటిదాకా ఆగి ఉంటే మళ్లీ కొటేషన్ అడగండి.

మిగిలిన 10 లక్షల ఎఫ్‌డీ గడువు తీరాక పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేసుకోవచ్చు. డీఆర్ బకాయిలు ఒకేసారి పడితే, పాత ఏళ్ల బకాయి వల్ల పన్ను పెరగకుండా ఊరట కోరే ఫారం రిటర్న్ కంటే ముందు నింపమని మీ ఆడిటర్‌కు చెప్పండి.

అప్పు తీర్చే రోజు ఒక్కరే వెళ్లకండి, ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. ప్రామిసరీ నోటు మీద చెల్లు రాయించుకుని, ఒరిజినల్ ఇంటికి తెచ్చుకోండి.